పాత్ర నడతకు ఊరు ఎలా బదులిస్తుంది: గేమ్ మాస్టర్లకు సమగ్ర మార్గదర్శి

బల్ల చుట్టూ కూర్చుని మాటలతో, పాచికలతో ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటలో మీరు గేమ్ మాస్టర్ అనుకుందాం, అంటే ఆటగాళ్ల పాత్రల చుట్టూ ఉన్న ప్రపంచాన్ని నడిపేవారు. లొంగిపోయి ఆయుధాలు కింద పడేసిన ముగ్గురు దారిదోపిడీ దొంగలను మీ బృందంలోని యోధుడు రోడ్డు మీదే నరికేశాడు. తర్వాతి సెషన్‌లో అదే బృందం ఊళ్లోకి అడుగుపెడితే సత్రం యజమాని నవ్వుతూ ఎదురొచ్చాడు, కమ్మరి మామూలు ధరకే కత్తి అమ్మాడు, ద్వారపాలకుడు పేరైనా అడగలేదు. ఇక్కడ ఏం చేసినా ఒకటేనని ఆటగాళ్లకు అప్పుడే అర్థమైపోతుంది. ఆ నమ్మకం ఒకసారి మనసులో పడ్డాక మీరు ఎంత మంచి కథ అల్లుకొచ్చినా వాళ్లు దాన్ని ఆ ఊళ్లో జరిగిన కథగా తీసుకోరు.

దీనికి పూర్తిగా ఎదురు తప్పు కూడా తరచుగా జరుగుతుంది. పాత్ర వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీటు మీద ‘కేయాటిక్ ఈవిల్’ (ఏ కట్టుబాటూ లేని దుష్ట స్వభావం) అని ఉందని, ఇంకా ఒక్క చెడ్డపనైనా చేయని పాత్రను చూడగానే ఊరంతా తలుపులు వేసుకుంటుంది. ఆటగాడికి ఇదీ అంతే అన్యాయం. ఊరికి షీటు కనబడదు. తాను చూసినది, తన చెవిన పడినది, తనకు దక్కినది, తనకు పోయినది మాత్రమే దానికి తెలుసు. పాత్ర నైతికతకూ ఊరి స్పందనకూ మధ్య దారి ఈ నాలుగింటి గుండానే వెళ్లాలన్నది నా గట్టి అభిప్రాయం. కింద చెప్పే పద్ధతంతా దాని మీదే కట్టినది. మీరు ఏ నియమావళితో ఆడుతున్నా పనికొస్తుంది. ఆ ముగ్గురు దొంగల ఉదంతాన్నే చివరిదాకా వెంట తీసుకెళదాం.

మొదటి మెట్టు: అలైన్‌మెంట్‌ను ఊరికి చూపించకండి

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ల డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆట వెలువడినప్పుడు అలైన్‌మెంట్లు (పాత్ర నైతిక మొగ్గును చెప్పే ముద్రలు) మూడే: లా (కట్టుబాటు), న్యూట్రాలిటీ (తటస్థత), కేయాస్ (అరాచకం). వ్యక్తి గుణం ఎలాంటిదన్న దానికంటే ఎవరు ఏ పక్షాన నిలబడ్డారన్న లెక్కకే అది దగ్గర. 1978 నాటి అడ్వాన్స్‌డ్ నియమాలతో మంచి చెడులు కూడా కలిసి, ఇప్పుడు అందరికీ తెలిసిన తొమ్మిది గళ్ల పట్టిక స్థిరపడింది. 2008లో నాలుగో ఎడిషన్ వాటిని ఐదుకు కుదించింది, 2014లో ఐదో ఎడిషన్ మళ్లీ తొమ్మిదికి తెచ్చింది. పాత్‌ఫైండర్ అనే మరో ఆట రెండో ఎడిషన్ అయితే 2023 నాటి సవరణలో అలైన్‌మెంట్‌ను పూర్తిగా తీసేసి, పాత్ర నమ్మి చేసే పనులు, ఎన్నటికీ చేయని పనులు అనే రెండు జాబితాలకు ప్రాధాన్యం ఇచ్చింది. రూపం ఇన్నిసార్లు మారిన దాని మీద ఊరి ప్రవర్తనను ఆధారపెట్టడం తెలివైన పని కాదు. అలైన్‌మెంట్ ఆటగాడికి పనికొచ్చే సాధనం. ‘నా పాత్ర ఇప్పుడు ఏం చేస్తుంది’ అని తనను తాను ప్రశ్నించుకోవడానికి వాడుకుంటాడు. అంతవరకే ఉంచండి.

మంత్రాల సంగతి ముందే తేల్చుకోవాలి. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో పాలడిన్ (ధర్మానికి కట్టుబడిన యోధుడు) తలచుకున్నప్పుడల్లా ఎదుటివారిలోని చెడును పసిగట్టగలడు. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో చెడును పసిగట్టే మంత్రం ఫీండ్‌లు (దుష్టశక్తులు), అన్‌డెడ్ (చచ్చీ తిరిగేవి), సెలెస్టియల్‌ల (దివ్యజీవుల) వంటి జీవజాతుల ఉనికిని మాత్రమే చెబుతుంది. మామూలు మనిషి మనసులో ఏముందో దానికి అందదు. మీ ప్రపంచంలో మొదటి రకం మంత్రం ఉంటే ఒక ప్రశ్నకు జవాబు రాసుకోండి: గుడి పూజారి ‘ఈ మనిషిలో చెడు ఉంది’ అంటే ఊరి న్యాయసభ దాన్ని సాక్ష్యంగా తీసుకుంటుందా? తీసుకోదు అని పెట్టుకుంటేనే ఆట బాగుంటుంది. పూజారికి అనుమానం ఉంటుంది, చేతిలో నేరం ఉండదు. అతను కుర్రాడొకణ్ణి వెనకాల పంపి కనిపెట్టమనవచ్చు. చెరసాలలో మాత్రం వేయించలేడు.

రెండో మెట్టు: ఊరిని ఒకే మనిషిగా చూడకండి

‘ఊరికి కోపం వచ్చింది’ అన్న వాక్యాన్ని మీ నోట్సులోంచి కొట్టేయండి. ఊళ్లో ఎవరికి కోపం వచ్చిందన్నదే అడగాల్సిన ప్రశ్న. చిన్న ఊరైతే మూడు వర్గాలు, పట్టణమైతే నాలుగైదు చాలు. అంతకు మించితే మీరే గుర్తుపెట్టుకోలేరు. ఒక్కో వర్గానికి మూడు వాక్యాలు రాయండి: దేని మీద బతుకుతోంది, దేనికి భయపడుతోంది, ఏ పనిని క్షమించదు.

మన ఉదాహరణకు నది ఒడ్డున ఒక ఊరు అనుకుందాం. అక్కడ వర్తకులు ఉన్నారు; సరుకు బళ్లు క్షేమంగా రావడమే వాళ్లకు కావాలి, దొంగలంటే వాళ్లకు దడ. పడవవాళ్లు ఉన్నారు; బంధుత్వం వాళ్లకు అన్నిటికంటే పెద్దది, తమవాళ్ల రక్తం చిందించినవాణ్ణి క్షమించరు. గుడి ఉంది, ప్రాణభిక్ష అడిగినవాడికి అభయం ఇవ్వాలన్నది అక్కడి దేవత ఆన. కోట కాపలా దళం ఉంది; శిక్ష వేసే హక్కు తమదేనని దాని నాయకురాలి పట్టుదల.

ఇప్పుడు ఆ ముగ్గురు దొంగల చావును ఒక్కొక్కరి కళ్లతో చూడండి. వర్తకులకు అది పండుగ. చచ్చినవాళ్లలో ఒకడు పడవవాళ్ల పెద్దకు మేనల్లుడు. వాడు చెడిపోయాడని అందరికీ తెలుసు, అయినా ఇంటివాడే. గుడికి అది ఆజ్ఞాభంగం. కాపలా నాయకురాలికి దొంగల గురించి బాధ లేదు, కానీ వాళ్ల స్థావరం ఎక్కడుందో చెప్పగలిగిన మూడు నోళ్లు మూతపడ్డాయి. ఒకే పనికి నాలుగు రకాల స్పందనలు వచ్చాయి, వాటిలో ఏదీ ‘మంచి’, ‘చెడు’ అన్న చీటీ కాదు. ఆటగాళ్లు అదే సాయంత్రం ఒక వీధిలో విందుకు పిలుపు అందుకుని, పక్క వీధిలో ఉమ్మి వేయించుకోవచ్చు. తాము చేసిన పని ఎలాంటిదో వాళ్లలో వాళ్లే వాదించుకోవడం మొదలుపెడతారు. నైతికత గురించి గేమ్ మాస్టర్ చేసే ఏ ఉపన్యాసమూ ఆ వాదనకు సాటి రాదు.

వర్గాలను రాసేటప్పుడు ఒక్కటి గమనించండి. ఏ వర్గమూ పూర్తిగా న్యాయంగా ఉండనక్కరలేదు. దొంగల చావును మెచ్చుకున్న వర్తకులు రేపు అప్పు తీర్చని రైతును బెదిరించడానికి ఇదే యోధుణ్ణి కూలికి అడగవచ్చు. హింసకు వచ్చిన మెప్పు ఎటు లాగుతుందో ఆటగాడికి అప్పుడు తెలుస్తుంది.

మూడో మెట్టు: పనుల చిట్టా, దాని వెనక సాక్షి

ఈ పద్ధతిలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే, అందరూ ఎక్కువగా దాటవేసేదీ ఇదే. సెషన్ ముగిశాక ఒక కాగితం తీసుకుని, బృందం చేసిన పనుల్లో ఊరు పట్టించుకునేవి రెండో మూడో రాయండి. ప్రతి పని పక్కన నాలుగు విషయాలు ఉండాలి: ఎవరు చూశారు, చూసినదాన్ని ఎలా అర్థం చేసుకున్నారు, ఎవరికి చెప్పారు, ఆ కబురు ఎక్కడిదాకా వెళ్లింది.

సాక్షి లేని పనికి స్పందన ఉండకూడదు. ఈ నియమాన్ని కచ్చితంగా పాటించండి. అడవి నడుమ ఎవరూ లేనిచోట జరిగిన ఘాతుకం మరునాటికల్లా ఊరంతా పాకిందంటే, గేమ్ మాస్టరే చాడీ చెప్పాడని ఆటగాళ్లు అనుకుంటారు. వాళ్లు అనుకోవడంలో తప్పు లేదు. సాక్షి ఉండి తీరాలని మీకు అనిపిస్తే, పని జరుగుతున్నప్పుడే వాణ్ణి చూపించండి: గట్టు మీద గొర్రెలు కాచే కుర్రాడు, దూరంగా ఆగిపోయిన బండి, కొట్టుకుంటున్న కిటికీ రెక్క. ఆటగాళ్లు గమనించగలిగే అవకాశం ఇస్తే, వాళ్లు ఆ కుర్రాణ్ణి ఏం చేస్తారన్నది కొత్త నైతిక పరీక్ష అవుతుంది. బతిమాలతారా, డబ్బు చేతిలో పెడతారా, బెదిరిస్తారా, వదిలేస్తారా? నా దృష్టిలో దొంగలను చంపిన దానికంటే ఈ నిర్ణయమే ఆ పాత్రల గురించి ఎక్కువ చెబుతుంది.

సాక్షి అర్థం చేసుకున్నది వేరు, జరిగినది వేరు. గొర్రెల కుర్రాడు చివరి ఘట్టం మాత్రమే చూశాడు: మోకాళ్ల మీద ఉన్న ముగ్గురు, వాళ్ల మీదకు లేచిన కత్తి. అంతకు ముందు ఆ దొంగలు వేసిన బాణాలు వాడు చూడలేదు. వాడు ఇంట్లో చెబుతాడు, తల్లి బావి దగ్గర చెబుతుంది, ఆ నోటా ఈ నోటా పడి ముగ్గురు కాస్తా ఏడుగురవుతారు, దొంగలు కాస్తా బాటసారులవుతారు. పుకారు మారేటప్పుడు ఒక పద్ధతి పాటించండి: ఒక్కో నోరు దాటినప్పుడు ఒక్క వివరమే మారాలి, అసలు బీజం మాత్రం నిలవాలి. అప్పుడే ఆటగాళ్లు విని ‘అలా జరగలేదు’ అని ఉలిక్కిపడతారు, అయినా పూర్తిగా కాదనలేరు. తమ కథను తామే చెప్పుకోవడానికి ఊళ్లోకి దిగుతారు. సంభాషణకు ఇంతకంటే మంచి ప్రేరణ నాకు తెలియదు.

కబురు వేగం కూడా రాసుకోండి. పొరుగు ఊరికి కబురు సంత రోజున చేరుతుంది, దూరపు నగరానికి బిడారుతో పాటు వెళుతుంది, రాజధానికి కాపలా దళం పంపే దూతతో చేరుతుంది. బృందం వేగంగా గుర్రాల మీద వెళితే తమ చెడ్డపేరు కంటే ముందే చేరుకోవచ్చు. ఆ రెండు మూడు రోజుల వ్యవధిలో వాళ్లు ఏం చేస్తారో చూడటం ఆసక్తికరంగా ఉంటుంది. మంచిపేరు విషయంలోనూ ఇదే లెక్క: ఒక ఊరిని కాపాడిన వీరులు పక్క ఊళ్లో ఇంకా ఎవరో తెలియని బాటసారులే.

నాలుగో మెట్టు: లెక్కకు ఒక చిన్న కొలబద్ద

అంకెలు లేకుండానే ఆడించగలిగితే ఆడించండి. నెలల తరబడి సాగే క్యాంపెయిన్‌కు మాత్రం కొంత లెక్క సాయపడుతుంది. పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లోని ఐచ్ఛిక పద్ధతి ఒక్కో వర్గం దగ్గర ప్రతిష్ఠను -50 నుంచి 50 వరకు కొలిచి, ఆరాధన నుంచి వేట వరకు ఏడు స్థాయిలుగా విడదీస్తుంది. బ్లేడ్స్ ఇన్ ద డార్క్ అనే ఆటలో ప్రతి ముఠాతోనూ సంబంధం -3 నుంచి +3 లోపలే ఉంటుంది. ఊరి మటుకు ఈ రెండోదే నాకు నచ్చుతుంది; ఒక్క అంకె మారినా ఆటగాళ్లకు తేడా తెలుస్తుంది.

కాబట్టి ఒక్కో వర్గానికి సున్నాతో మొదలుపెట్టండి. ఆ వర్గానికి ముఖ్యమైన పని అయితే ఒకటి కలపండి లేదా తీయండి. వాళ్లు క్షమించనిదిగా రాసుకున్న పని అయితే రెండు తీయండి. మన ఊళ్లో ఇప్పుడు వర్తకులు +1, పడవవాళ్లు -2, గుడి -2, కాపలా దళం -1.

బృందం ఆ వర్గంలోని ముక్కూమొహం తెలియని మనిషిని కలిసినప్పుడు రెండు ఆరు ముఖాల పాచికలు వేసి ఈ అంకెను కలపండి. ఈ పద్ధతి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ తొలినాళ్ల నుంచీ ఉన్నదే. 1981 నాటి దాని బేసిక్ నియమాల్లో 2 వస్తే వెంటనే దాడి, 3 నుంచి 5 వరకు శత్రుత్వం, 6 నుంచి 8 వరకు ఎటూ తేలని స్థితి, 9 నుంచి 11 వరకు మాట వినే ధోరణి, 12 వస్తే ఉత్సాహంగా స్నేహం. ఊళ్లో మొదటి గడిని ‘దాడి’ అని కాక ‘కాపలావాణ్ణి పిలవడం’ అని చదువుకోండి. ఏమీ కలపకపోతే 36 అవకాశాల్లో 10 సార్లు 9 గానీ అంతకు మించి గానీ వస్తుంది. +2 కలిస్తే అది 21కి పెరుగుతుంది, -2 అయితే 3కి పడిపోతుంది, -3 అయితే ఒక్కటే మిగులుతుంది. చిన్న అంకెలకే ఎంత బలం ఉందో గమనించి, ఒక్క సంఘటనకే -3కి దిగకండి.

ఇప్పటికే పరిచయమున్న పాత్రలకు పాచిక వేయకండి. మేనల్లుణ్ణి పోగొట్టుకున్న పడవల పెద్ద ఏం చేస్తాడో మీకు తెలుసు. పాచిక చెబితే అతను స్నేహంగా మారిపోవడం ఎవరూ నమ్మరు.

ఇంకొక్క ప్రశ్న: అసలు వాళ్లను గుర్తుపట్టారా? గర్ప్స్ అనే ఆట నియమాల్లో ప్రతిష్ఠకు గుర్తింపు అవకాశం విడిగా ఉంటుంది. అందరికీ ఎప్పుడూ తెలిసే పేరు వేరు, అప్పుడప్పుడు మాత్రమే తెలిసే పేరు వేరు. ఈ ఆలోచనను అరువు తెచ్చుకోండి. కొమ్ములున్న మాంత్రికురాలిని ఊరు ఇట్టే పోల్చుకుంటుంది. ముసుగు కప్పుకున్న మామూలు విలుకాడు నాలుగు రోజులు తప్పించుకోగలడు.

ఐదో మెట్టు: అంకెను కంటికి కనిపించే గుర్తుగా మార్చండి

‘పడవవాళ్లకు మీరంటే -2’ అని ఆటగాళ్లకు చెబితే అంతా వృథా. స్పందన చిన్న గుర్తులతో మొదలై పెద్దవాటి వరకు ఎదగాలి. ముందు చూపు మారుతుంది, తర్వాత మాట, తర్వాత ధర, తర్వాత తలుపు, అన్నిటికంటే చివర ఆయుధం. ఈ వరుసను తిరగేయకండి. మొదటి గుర్తే ఇరవైమంది సైనికులైతే ఆటగాళ్లకు మారే అవకాశం ఉండదు, కత్తి దూయడమే మిగులుతుంది.

-1 దగ్గర: రేవులో పడవ ఖాళీగా ఉన్నా ‘నిండిపోయింది’ అంటారు. బృందం లోపలికి రాగానే సత్రంలో పాట ఆగి, కొంతసేపటికి మళ్లీ మొదలవుతుంది. గది దొరుకుతుంది, కానీ గుర్రపుశాల పక్కన ఉన్నది.

-2 దగ్గర: ధర రెట్టింపవుతుంది. వైద్యురాలు ముందు డబ్బు పెట్టమంటుంది. పిల్లల్ని లోపలికి పిలుచుకుంటారు. అడిగిన దారి చెబుతారు గానీ, ఆ దారిలో వంతెన కూలిందన్న సంగతి చెప్పరు. ఈ చివరిది నాకెంతో ఇష్టమైన సాధనం: అబద్ధం ఆడకుండానే చేసే హాని.

-3 దగ్గర: ద్వారం మూస్తారు, తలకు వెల కడతారు, లేదా ఎవరో ఒకరు చీకట్లో వస్తారు.

మంచిపేరుకూ ఇంతే బరువు ఉండాలి, కేవలం తగ్గింపు ధరలతో సరిపెట్టకండి. +2 దగ్గర జనం తమ రహస్యాలు చెప్పుకుంటారు, తగవులు తీర్చమంటారు, పుట్టినబిడ్డకు పేరు పెట్టమంటారు. బృందం పేరు చెప్పుకుని ఎవడో పొరుగూళ్లో అప్పులు చేస్తాడు. శత్రువు వాళ్లను నేరుగా కొట్టకుండా వాళ్లను ప్రేమించే ఊరిని కొడతాడు. సాయం అడిగే చేతులు ఎంతగా పెరుగుతాయంటే ఏదో ఒకదాన్ని కాదనక తప్పదు. మంచితనాన్ని పరీక్షించడానికి రాక్షసుల కంటే ఇది గట్టి మార్గం.

భయాన్ని ఈ కొలబద్ద మీద పెట్టకుండా విడిగా గుర్తించండి. క్రూరంగా నడుచుకునే బృందానికి ఊరు వంగి దండం పెట్టవచ్చు, అడిగినది అడిగినట్టు ఇవ్వవచ్చు. కానీ భయపడ్డ ఊరు ఎప్పుడూ పూర్తి నిజం చెప్పదు, రాబోయే ప్రమాదం గురించి హెచ్చరించదు, కత్తి కనుమరుగైన క్షణాన ఎదురు తిరుగుతుంది. చెడ్డ పాత్రలు ఆడాలనుకునే ఆటగాళ్లకు ఇది శిక్షగా అనిపించదు. అధికారం ఇచ్చే సుఖమూ దక్కుతుంది, అది తెచ్చే ఒంటరితనమూ దక్కుతుంది.

ఆరో మెట్టు: ఒక్కడు చేస్తే అందరికీనా?

కత్తి దూసింది యోధుడొక్కడే. మిగిలినవాళ్లు వద్దన్నారు కూడా. ఊరికి అది తెలియదు; కొత్తగా వచ్చినవాళ్లను ఊరు గుంపుగానే లెక్కిస్తుంది. అందుకే మొదట అంకె అందరికీ వర్తింపజేయండి. ఎవరైనా నలుగురి ఎదుట విడిపడితే, అంటే గుడిలో తప్పు ఒప్పుకున్నా, చనిపోయినవాడి ఇంటికి వెళ్లి నిలబడినా, అక్కడి నుంచి వాళ్ల లెక్క వేరు చేయండి. ఇందులో ఒక ప్రమాదం ఉంది. బృందం మధ్య చీలిక ఆట వరకే ఉండాలి. ఆటగాళ్ల ముఖాల్లో చిరాకు కనిపిస్తే సెషన్ ఆపి మాట్లాడండి.

ఏడో మెట్టు: పోయిన పేరు తిరిగి రావడానికి దారి

దారి ఎప్పుడూ తెరిచి ఉండాలి, కానీ ఊరికే దొరకకూడదు. మూడు షరతులు పెట్టుకోండి. పరిహారం నష్టపోయినవాళ్లకే అందాలి. వర్తకులకు ఎంత సేవ చేసినా పడవవాళ్ల లెక్క మారదు. అది నలుగురికీ తెలిసేలా జరగాలి. చేసినవాడికి అందులో ఏదో ఒకటి పోవాలి. నిధుల గుట్ట మీద కూర్చున్న యోధుడు బంగారు సంచి విసిరితే పడవల పెద్ద దాన్ని నదిలో వేస్తాడు. అదే యోధుడు వరదల కాలమంతా రేవులో తెడ్డు పట్టి పనిచేస్తే, -2 కాస్తా -1 అవుతుంది. సున్నాకు రావడం ఆ కుటుంబం నిర్ణయించాలి. వాళ్లు క్షమించకపోయినా అది సరైన ముగింపే.

ఎనిమిదో మెట్టు: ముందే చెప్పడం

ఇది వరుసలో చివర చెబుతున్నా, మొదటి సెషన్‌కు ముందే చేయాల్సిన పని. ఆట మొదలయ్యేముందు అందరూ కూర్చుని మాట్లాడుకునే సెషన్ జీరోలో ‘మీ పనులను ఊరు గుర్తుంచుకుంటుంది, సాక్షులను బట్టి స్పందిస్తుంది’ అని స్పష్టంగా చెప్పండి. ఆట మధ్యలో పాత్రకు తెలిసి ఉండాల్సిన విషయం ఆటగాడికి తెలియనప్పుడు అందించండి: ‘ఈ ప్రాంతంలో అభయం అడిగినవాణ్ణి చంపడం మహాపాపం, నీ పాత్రకు ఇది తెలుసు. అయినా చేస్తావా?’ అవునంటే ఫలితాన్ని తగ్గించకండి. ఏ పని మంచిది, ఏది చెడ్డదని ఆటగాడితో వాదనకు దిగనే దిగకండి. ‘గుడివాళ్లు దీన్ని ఇలా చూస్తారు’ అంటే సరిపోతుంది. అప్పుడు తీర్పు మీది కాకుండా ఆ ఊరిది అవుతుంది.

కోపం తీర్చుకోవడానికి ఈ పద్ధతిని వాడకండి. ఆటగాడి ప్రవర్తన బల్ల దగ్గర ఇబ్బందిగా ఉంటే ఆ మాట అతనితోనే చెప్పాలి. ఓడించలేని కాపలాదారుల్ని పుట్టించి అతని పాత్రను చితకబాదిస్తే సమస్య తీరదు.

కాలం గడిచినప్పుడు

బృందం ఊరు వదిలి వెళ్లి, కథలో ఏడాది తర్వాత తిరిగి వచ్చిందనుకోండి. ప్రతి అంకెనూ సున్నా వైపు ఒక్క మెట్టు జరపండి, మనిషిని పోగొట్టుకున్నవాళ్లది తప్ప. తర్వాత ఊళ్లో ఈలోగా మారిన ఒక విషయం రాసుకోండి: కాపలా నాయకురాలు మారింది, లేదా ఆ దొంగల స్థావరం ఎవరికీ దొరకక దోపిడీలు పెరిగాయి. అలా పెరిగి ఉంటే వర్తకుల +1 కూడా నిలవదు, ఎందుకంటే ఆ మూడు నోళ్లు మూయించింది ఎవరో వాళ్లకు ఇప్పుడు గుర్తొస్తుంది. చివరగా ద్వారం దగ్గర బృందాన్ని మొదట గుర్తుపట్టేది ఎవరో నిర్ణయించుకోండి. గొర్రెల కుర్రాడు ఇప్పుడు కాపలా దళంలో చేరి ఉంటే, సెషన్‌ను అతని మాటతోనే మొదలుపెట్టండి.